పాత విమ్‌షర్స్ట్ యంత్రమా, కొత్త నకలా?

ఫిజిక్స్ క్లాసుల్లో స్థిర విద్యుత్తు చూపించడానికి వాడిన ఈ యంత్రానికి 1880ల్లో జేమ్స్ విమ్‌షర్స్ట్ పేరు తెచ్చాడు. ఎదురెదురు దిశల్లో తిరిగే రెండు పళ్ళేలు, పక్కన ఛార్జ్‌ని నిల్వ చేసే రెండు లేడెన్ జాడీలు. కొనాలనుకునేవాళ్ళకి ఒకటే సందేహం: పాతదా, కొత్తదా?

ఖర్చు: పాతదానికి కొన్న ధరతో అయిపోదు, రిపేరు కూడా కలుపుకోవాలి. కొత్తది చౌక.

శ్రమ: అసలు తేడా ఇక్కడే. పాత పళ్ళెం గాజుదైతే దాని మీది లక్క పూత చూడాలి. పూత పోయి తేమ పట్టిన గాజు మీద ఛార్జ్ నిలవదు. ఎబొనైట్‌ది, అంటే గట్టి నల్ల రబ్బరుదైతే, ఏళ్ళ తరబడి వెలుతురు తగిలి నలుపు పోయి గోధుమరంగుకు తిరుగుతుంది. పైన సన్నటి ఆమ్లపు పొర ఏర్పడి, ఛార్జ్ దాని మీదుగా జారిపోతుంది. కొత్తదాని యాక్రిలిక్ పళ్ళేన్ని పొడిగుడ్డతో తుడిస్తే చాలు.

రిస్క్: పాత గాజు పగిలితే అలాంటిది దొరకడం కష్టం. షాక్ మాత్రం రెండిటితోనూ ఉంది. ముట్టుకునే ముందు, నిప్పురవ్వ దూకే రెండు లోహపు గుండ్లనూ ఒకదానికొకటి తాకించి ఛార్జ్ పోగొట్టాలి.

పిల్లలు రోజూ హ్యాండిల్ తిప్పే క్లాసుకి కొత్తదే తీసుకోండి. అరిగిన చెక్కపిడి, మసకబారిన ఇత్తడి మీకు ముఖ్యమైతే పాతదే. దాన్ని మెరిసేలా మాత్రం రుద్దకండి, అసలు పూత పోతే మళ్ళీ రాదు.