అనంతపురం నుంచి వీపీఎస్ నడపడం: ఏళ్లు వాడాక రాస్తున్న రివ్యూ

2021 నుంచి ఒకే కంపెనీ వీపీఎస్ వాడుతున్నాను. వీపీఎస్ అంటే డేటా సెంటర్‌లోని పెద్ద కంప్యూటర్‌లో మనకంటూ విడదీసి అద్దెకిచ్చే భాగం, మనకు సొంత సర్వర్‌లాగే ఉంటుంది. అనంతపురం మార్కెట్ యార్డులో చీనీ కాయలు, కక్కలపల్లి మార్కెట్‌లో టమోటా ఆ పూట ఏ రేటు పలికాయో చూపించే ఒక చిన్న సైటు, ఊళ్లో కొన్ని షాపుల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, అన్నీ దాని మీదే నడుస్తున్నాయి. కంపెనీ పేరు రాయడం లేదు. రాస్తే మాటంతా ఆ కంపెనీ మంచిదా కాదా అన్న దగ్గరే ఆగిపోతుంది. నేను చెప్పేది ఎవరి దగ్గర తీసుకున్నా దాదాపు ఇంతే.

మిషన్ వరకూ చూస్తే నాకు పెద్ద ఫిర్యాదు లేదు. కంపెనీ వైపు నుంచి సర్వర్ పడిపోయిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తలనొప్పి తెచ్చినవన్నీ లోపల మనం చూసుకోవాల్సిన పనులే. నెలనెలా కట్టే అద్దెలో సర్వర్ వస్తుంది, దాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషి రాడు. తీసుకునే ముందు చాలామంది ఈ లెక్క వేసుకోరు.

నన్ను ఎక్కువమంది అడిగేది ర్యామ్ గురించి. "అన్నా, ఒక జీబీ చాలుతుందా?" అంటారు. నాలుగు పేజీల సైటుకైతే చాలుతుంది. డేటాబేస్ కూడా అందులోనే పెడితే మాత్రం ఆలోచించుకోవాలి. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ ఏ పనీ లేకుండా కూర్చున్నా మూడు నాలుగు వందల ఎంబీ తినేస్తుంది. నా సైటుకి రోజంతా జనం ఉండరు. వేలం అయి రేట్లు ఎక్కించగానే మాత్రం అందరూ ఒకేసారి తెరుస్తారు. అప్పుడు సైటు పేజీలు తయారుచేసే పీహెచ్‌పీ ప్రాసెస్‌లు (నడుస్తున్న ప్రోగ్రాములు) ఒకదాని వెనక ఒకటి పుట్టుకొస్తాయి, మెమరీ అయిపోతుంది. సర్వర్‌ని నడిపే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టం కెర్నల్ (దాని మూల భాగం) తనను తాను కాపాడుకోవడానికి ఎక్కువ మెమరీ తింటున్న ప్రాసెస్‌ని వెతికి చంపేస్తుంది. ఆ బలయ్యేది చాలాసార్లు డేటాబేసే.

చిక్కేమిటంటే, ఆ సమయంలో సర్వర్ చచ్చిపోయినట్టు కనిపించదు. పింగ్‌కి (ఉన్నావా అని పలకరించే చిన్న సందేశానికి) జవాబిస్తుంది, కంపెనీ ప్యానెల్‌లో (సర్వర్‌ని చూసుకునే వెబ్ పేజీలో) పచ్చ లైటు వెలుగుతూనే ఉంటుంది. ఇటు ఫోన్ మోగుతుంది: "ఏం సామీ, మీ సైటు తిరుగుతానే ఉంది, రేట్లు రాలే." ప్యానెల్ నుంచి రీస్టార్ట్ కొడితే పనిచేస్తుంది కాబట్టి అందరూ అదే చేసి వదిలేస్తారు, వారం తిరక్కుండా మళ్లీ అదే కథ. రీస్టార్ట్ కొట్టే ముందు సిస్టం లాగ్ తెరిచి 'అవుట్ ఆఫ్ మెమరీ' అని వెతకండి. కింద చచ్చిన ప్రాసెస్ పేరు ఉంటుంది. దొరికిందంటే కారణం తెలిసినట్టే. నా దగ్గర రెండు జీబీల స్వాప్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు డిస్క్‌లో వాడుకునే చోటు) పెట్టి, పీహెచ్‌పీ ఒకేసారి ఎన్ని ప్రాసెస్‌లు పుట్టించొచ్చో దానికి హద్దు పెట్టాక ఈ గొడవ చాలావరకు పోయింది. తర్వాత రెండు జీబీల ప్లాన్‌కి మారాను, ప్రశాంతంగా ఉంది. ఇంకో మాట: 'ఫ్రీ' కమాండ్ కొట్టినప్పుడు ఫ్రీ అన్న కాలమ్‌లో చిన్న అంకె చూసి గాబరాపడకండి. ఖాళీ మెమరీని లైనక్స్ ఫైల్ క్యాష్‌కి (చదివిన ఫైళ్లను దగ్గర పెట్టుకోవడానికి) వాడుకుంటుంది. చూడాల్సింది 'అవైలబుల్' కాలమ్.

ఏ ఊరి డేటా సెంటర్ తీసుకోవాలి? మనకు బెంగళూరు హైవే మీద రెండొందల కిలోమీటర్ల పైచిలుకు దూరమే కాబట్టి కళ్లు మూసుకుని అదే ఎంచుకోవచ్చు అనిపిస్తుంది. చాలావరకు నిజమే గానీ, మన ఇంటర్నెట్ ట్రాఫిక్ హైవే పట్టుకుని పోదు. మీ నెట్ కంపెనీని బట్టి అది చెన్నై తిరిగో ముంబై తిరిగో చేరొచ్చు. ఇంట్లో నెట్ మీద ఒకసారి, ఫోన్ డేటా మీద ఒకసారి పింగ్ చేసి చూసుకోండి. అమెజాన్ 2016లో ముంబైలో, 2022లో హైదరాబాద్‌లో రీజియన్లు తెరిచింది, మిగతా పెద్ద కంపెనీలకూ ఇక్కడ డేటా సెంటర్లు ఉన్నాయి కాబట్టి సింగపూర్ దాకా వెళ్లే అవసరం ఇప్పుడు పెద్దగా లేదు.

సెక్యూరిటీ మాట ఎత్తితే షాపుల వాళ్లు నవ్వుతారు. మన చీనీ రేట్ల సైటు మీద ఎవడికి కన్ను ఉంటుంది అని. కన్ను ఎవడికీ లేదు. బాట్లు (వాటంతటవే తిరిగే ప్రోగ్రాములు) వరసపెట్టి ఐపీ అడ్రస్‌లన్నీ తట్టుకుంటూ పోతాయి, అందులో మనదీ ఒకటి. కొత్త సర్వర్ పెట్టి కాఫీ తాగి వచ్చేలోపే లాగిన్ లాగ్‌లో రూట్, అడ్మిన్, టెస్ట్ అన్న పేర్లతో పాస్‌వర్డ్ ప్రయత్నాలు బారులు తీరి కనిపిస్తాయి. అది చూసి టెన్షన్ పడక్కర్లేదు. దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్‌కి పాస్‌వర్డ్ బదులు కీ ఫైల్ పెట్టుకుని పాస్‌వర్డ్ లాగిన్ పూర్తిగా ఆపేస్తే వాళ్లు ఎంత తట్టినా ప్రయోజనం ఉండదు. ఎస్ఎస్‌హెచ్ వాడే పోర్టు (సర్వర్ తలుపు నంబరు లాంటిది) 22ని ఇంకో అంకెకి మారిస్తే లాగ్‌లో చెత్త తగ్గుతుంది, అంతకుమించి రక్షణేమీ పెరగదు. ఈ మార్పులు చేసేటప్పుడు ఉన్న విండోని మూసేయకుండా ఇంకో విండోలో కొత్తగా లాగిన్ అయి చూడండి. ఫైర్‌వాల్ (ఏ పోర్టులోకి రానివ్వాలో చూసే కాపలా) ఆన్ చేసే ముందు ఎస్ఎస్‌హెచ్‌కి అనుమతి ఇచ్చారో లేదో చూసుకోండి. తాళం వేసి బయటే ఉండిపోతే ప్యానెల్‌లోని వెబ్ కన్సోలే దిక్కు. అది సరిగ్గా పనిచేస్తుందో లేదో కొన్న రోజే తెరిచి చూసుకోవడం మంచిది.

ఇక్కడ చాలామందికి తెలియనిది డాకర్ సంగతి. డాకర్ అంటే ప్రోగ్రాములను కంటైనర్లు అనే విడివిడి డబ్బాల్లో నడిపే సాఫ్ట్‌వేర్. ఉబుంటులో (లైనక్స్‌లో ఒక రకం) యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్ పెట్టి అన్ని పోర్టులూ మూసేశాం అనుకుంటాం. డాకర్‌లో ఒక కంటైనర్ పోర్టు పబ్లిష్ చేస్తే అది యూఎఫ్‌డబ్ల్యూ రూల్స్‌ని దాటుకుని బయటి ప్రపంచానికి తెరుచుకుంటుంది. యూఎఫ్‌డబ్ల్యూ స్టేటస్‌లో మాత్రం మూసే ఉన్నట్టు చూపిస్తుంది. డేటాబేస్, రెడిస్ (మెమరీలో డేటా దాచే సాఫ్ట్‌వేర్) లాంటివాటి పోర్టును 127.0.0.1కి (సర్వర్ లోపలికే పనిచేసే అడ్రస్‌కి) మాత్రమే కట్టాలి. కంపెనీ ప్యానెల్‌లో వేరే ఫైర్‌వాల్ ఇస్తే అదీ వాడుకోండి. సర్వర్ బయటే ఆపేస్తుంది కాబట్టి డాకర్ ఆటలు దాని ముందు సాగవు.

బ్యాకప్ గురించి కాస్త గట్టిగానే చెప్తా. ప్యానెల్‌లో తీసే స్నాప్‌షాట్ (సర్వర్ మొత్తానికి ఆ క్షణపు నకలు) మంచిదే, అప్‌డేట్ చేసే ముందు తీసుకుంటే ధైర్యంగా ఉంటుంది. కానీ అది ఉండేది అదే కంపెనీలో, అదే అకౌంట్ కింద. అకౌంట్ ఆగిపోతే స్నాప్‌షాట్ కూడా దాంతోపాటే పోతుంది. అందుకే రోజూ డేటాబేస్ డంప్ (మొత్తం డేటా నకలు ఫైల్) తీసి రెస్టిక్ అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌తో ఇంకో కంపెనీ స్టోరేజ్‌కి పంపిస్తాను. డంప్‌కి 'సింగిల్ ట్రాన్సాక్షన్' ఆప్షన్ పెడితే ఇన్నోడీబీ టేబుళ్లు (మైఎస్‌క్యూఎల్ మామూలుగా వాడే రకం) లాక్ కావు. అప్పుడప్పుడూ ఆ బ్యాకప్‌ని ఒక చిన్న సర్వర్‌లోకి తిరిగి ఎక్కించి బిల్లులు తెరుచుకుంటున్నాయా అని చూస్తాను. ఇంకో తిరకాసు టైముది. కొత్త సర్వర్లలో గడియారం సాధారణంగా యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటుంది, మనకంటే అయిదున్నర గంటలు వెనక. రాత్రి రెండింటికి అని పెట్టిన బ్యాకప్ మన ఉదయం ఏడున్నరకి మొదలవుతుంది. అంటే సరిగ్గా జనం సైటు తెరిచే వేళకి డిస్క్ బ్యాకప్ పనిలో మునిగిపోయి ఉంటుంది.

డిస్క్ నిండిపోవడం ఇంకో పాత రోగం. మైఎస్‌క్యూఎల్ 8లో బైనరీ లాగ్ (డేటాలో జరిగిన మార్పుల రికార్డు) మనం అడక్కుండానే ఆన్‌లో ఉంటుంది, 30 రోజులవి దాచుకుంటుంది. పాతిక జీబీల డిస్క్ మీద బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఉంటే ఆ లాగ్‌లే జీబీలకు జీబీలు అవుతాయి. రెప్లికేషన్ (డేటాను ఇంకో సర్వర్‌కి ఎప్పటికప్పుడు నకలు పంపడం) వాడకపోతే మూడు నాలుగు రోజులకి తగ్గించుకోవచ్చు. ఆ ఫైళ్లను చేత్తో డిలీట్ చేయకండి, డేటాబేస్ లోపలి నుంచే పర్జ్ చేయాలి.

కంపెనీ మీద నాకున్న అసలు కోపం సపోర్ట్ దగ్గర. కొంతకాలం సాయంత్రాలు సైటు బాగా నెమ్మదించేది. ర్యామ్ ఉంది, మా వైపు లోడ్ లేదు. 'టాప్' కమాండ్‌లో 'ఎస్‌టీ' అని ఒక అంకె ఉంటుంది. మనకు రావాల్సిన ప్రాసెసర్ సమయాన్ని అదే మిషన్ మీదున్న పక్కవాళ్లకు ఎంత ఇచ్చేశారో అది చెప్తుంది. అపార్ట్‌మెంట్‌లో ఒకే ట్యాంకు ఉండి కింది ఫ్లాట్ వాళ్లు అన్ని కుళాయిలూ తిప్పేస్తే మనకు ధార సన్నబడినట్టు. మామూలుగా సున్నా దగ్గర ఉండాల్సింది ఇరవై దాటి కూర్చునేది. టికెట్ వేస్తే మొదట "మీ అప్లికేషన్‌ని ఆప్టిమైజ్ చేసుకోండి" అన్న రెడీమేడ్ జవాబు. మళ్లీ రాస్తే "ఇది అన్‌మేనేజ్డ్ సర్వీస్" అన్నారు. రోజూ సాయంత్రం తీసిన స్క్రీన్‌షాట్లు వరసగా జత చేశాక గానీ వేరే మిషన్ మీదికి మార్చలేదు. మార్చిన పూటే సైటు పరుగెత్తింది. అన్‌మేనేజ్డ్ అంటే మన సాఫ్ట్‌వేర్ వాళ్లు చూడరు, ఒప్పుకుంటాను. మిషన్ మీద అతిగా జనాన్ని ఎక్కించింది మాత్రం వాళ్లే కదా.

బిల్లు సంగతి. డాలర్లలో చూపించే ధరకి 18 శాతం జీఎస్టీ, కార్డు కంపెనీ మారకం చార్జీ కలిపి చూసుకోండి. 2021 అక్టోబరులో ఆర్‌బీఐ కొత్త నిబంధన వచ్చాక విదేశీ కంపెనీల ఆటో డెబిట్లు చాలా కార్డుల మీద ఫెయిలయ్యాయి, మాదీ ఆగింది. అప్పటి నుంచి కొన్ని నెలలకు సరిపడా డబ్బు ముందే అకౌంట్‌లో వేసి ఉంచుతున్నాను. సైన్ అప్ చేసేటప్పుడు పేరు, అడ్రస్, ఫోన్ నంబరు గట్టిగా అడిగితే ఆశ్చర్యపోకండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం వీపీఎస్ అమ్మేవాళ్లు కస్టమర్ వివరాలు అయిదేళ్లు దాచాలి.

ఈమెయిల్ సర్వర్ కూడా ఇందులోనే పెట్టొచ్చా అంటే, పెట్టకండి. మెయిళ్లు పంపే పోర్టు 25ని చాలా కంపెనీలు మూసే ఉంచుతాయి, తెరిపించుకున్నా మెయిళ్లు స్పామ్‌లోకి పోతాయి. అప్‌డేట్ల విషయంలో ఉబుంటు ఎల్‌టీఎస్ (ఎక్కువకాలం సపోర్ట్ ఉండే వెర్షన్) తీసుకుంటే అయిదేళ్లు నిశ్చింత. నేను మొదలుపెట్టిన 20.04కి మామూలు సపోర్ట్ 2025లో అయిపోయింది. ఉన్నదాన్నే అప్‌గ్రేడ్ చేసే సాహసం చేయకుండా 24.04తో కొత్త సర్వర్ పెట్టి, అన్నీ అందులో పరీక్షించి, డీఎన్ఎస్ టీటీఎల్ (సైటు పేరుకి పాత అడ్రస్‌ని ఎంతసేపు గుర్తుపెట్టుకోవాలో చెప్పే సమయం) ముందు రోజే తగ్గించి మారాను. ఎవరికీ తెలియలేదు.

టవర్ క్లాక్ దగ్గర బట్టల షాపు ఆయన వీపీఎస్ కావాలని వస్తే వద్దన్నాను. ఆయనకు కావాల్సింది ఫోటోలు, ఫోన్ నంబరు ఉన్న సైటు, దానికి షేర్డ్ హోస్టింగ్ (చాలా సైట్లు ఒకే సర్వర్‌ని పంచుకునేది) దండిగా చాలు. జేఎన్‌టీయూ పిల్లలు అడిగితే మాత్రం తప్పకుండా తీసుకోమంటాను. అన్నిటికన్నా చిన్న ప్లాన్ తీసుకుని, పాడుచేసి, చెరిపేసి, మళ్లీ కట్టుకోండి. పరీక్షలప్పుడు సర్వర్ ఆఫ్ చేసి పెడితే బిల్లు ఆగుతుందని మాత్రం అనుకోవద్దు. చాలా కంపెనీల్లో ఆఫ్‌లో ఉన్నా మీటర్ తిరుగుతూనే ఉంటుంది. కావాల్సినవి దించుకుని డిలీట్ కొట్టాలి.