వైట్ చాక్లెట్ కేకు పిండిలోకా, పైపూతలోకా?

పండ్లూ వైట్ చాక్లెట్టూ వేసి పొడవాటి లోఫ్ టిన్నులో కాల్చి, చల్లారాక పైన ఫ్రాస్టింగ్ పూసే కేకు చేయబోయేవారు ఏ పండు వేయాలా అని చాలాసేపు ఆలోచిస్తారు గాని, చాక్లెట్‌ను ఎక్కడ వాడాలన్న సంగతిని అంతగా పట్టించుకోరు. దాన్ని ముక్కలు చేసి పిండిలో కలిపేయడం ఒక అలవాటుగా స్థిరపడిపోయింది. నేనూ చాలాకాలం అలాగే చేశాను. తరువాత కరిగించి పిండిలో కలిపి చూశాను. ఆపైన పిండిలో బొత్తిగా వేయకుండా మొత్తం పైపూతకే ఉంచి చూశాను. ఈ మూడు పద్ధతుల్లో కేకు మూడు రకాలుగా వస్తుంది. వాటిలో ఏది ఎప్పుడు మేలో, దానికి తగిన పండూ పైపూతా ఏవో పక్కపక్కన పెట్టి చూద్దాం.

ముందుగా వైట్ చాక్లెట్ స్వభావం గురించి కొంత చెప్పుకోవాలి, ఎందుకంటే తేడా అంతా అక్కడే పుడుతుంది. అందులో కోకో పొడి ఉండదు. కోకో వెన్న, పాలపొడి, చక్కెర, వాసనకు కాస్త వెనిలా ఉంటాయి. ఐరోపా, అమెరికా నిబంధనలు రెండూ కోకో వెన్న కనీసం 20 శాతం, పాల ఘనపదార్థాలు కనీసం 14 శాతం ఉండాలంటాయి. చక్కెర 55 శాతం మించరాదని అమెరికా నిబంధన అదనంగా చెబుతుంది. అంటే మంచి బిళ్లలో కూడా సగానికి దగ్గరగా చక్కెరే. డార్క్ చాక్లెట్‌లో తీపికి పగ్గం వేసే చేదు ఇందులో లేదు కాబట్టి ఆ పనిని పండులోని పులుపే చేయాలి. కోకో వెన్నకు బదులు పామ్ కెర్నెల్ వంటి నూనెలతో చేసిన తెల్లటి బిళ్లలు కూడా అచ్చం ఇలాగే కనిపిస్తాయి. పొట్లం వెనుక పదార్థాల జాబితాలో కోకో వెన్న పేరు లేకపోతే అవి అవే. గీతలు గీయడానికీ అలంకరణకూ అవి పనికొస్తాయి గాని, కేకు రుచి చాక్లెట్ మీదనే నిలవాలనుకున్నప్పుడు వాటిని వాడటం దండగ.

ముక్కలుగా వేసే పద్ధతిలోని సుఖం తెలిసిందే: వంద గ్రాముల బిళ్లను శనగగింజంత ముక్కలుగా తరిగి పిండిలో రెండుసార్లు కలిపితే పని అయిపోతుంది. ఓవెన్‌లో కేకు లోపలి భాగం 100 డిగ్రీలు దాటదు కాబట్టి నడిమి ముక్కలు మాడవు. అవి కరిగి, వాటి కొవ్వు చుట్టూ ఉన్న పిండిలోకి ఇంకిపోయి, ఆ చోట జిగురు అంటిన చిన్న బొరియ ఒకటి మిగులుతుంది. కొరికినప్పుడు తీపి తగులుతుంది గాని చాక్లెట్ తిన్నట్టు ఉండదు. టిన్ను గోడకు తగిలిన ముక్కల సంగతి వేరు. అక్కడ వేడి చాలా ఎక్కువ. పాలలోని ప్రోటీనూ చక్కెరా కలిసి గోధుమరంగుకు తిరిగి, టాఫీలాగా సాగుతూ, అంచున కరకరలాడుతూ, మంచి వాసన వేస్తాయి. నిజం చెప్పాలంటే ఈ పద్ధతిలో నాకు నచ్చినదల్లా ఆ అంచులే. అయితే బటర్ పేపరు వేయని టిన్నులో ఆ అంచులే గోడకు అతుక్కుని, కేకును బయటికి తీసేటప్పుడు పక్క ఊడిపోయేలా చేస్తాయి.

కరిగించి పిండిలో కలిపితే వచ్చే లాభం రుచిలో కన్నా గుల్లతనంలో, మెత్తదనంలో కనిపిస్తుంది. కోకో వెన్న సన్నగా పరుచుకుని కేకు సున్నితంగా, ముక్క కోసినప్పుడు పొడి రాలకుండా వస్తుంది; మూడో రోజుకు కూడా ఎండిపోదు. కాని దీనికి లెక్క సరిచూసుకోవాలి. 120 గ్రాముల వైట్ చాక్లెట్‌తో పాటు సుమారు 60 గ్రాముల చక్కెర, 40 గ్రాముల కొవ్వు పిండిలోకి చేరుతాయి. ఆ మేరకు చక్కెరను 60 గ్రాములు, వెన్నను 40 గ్రాములు తగ్గించాలి. మొదటిసారి నేను ఈ తగ్గింపు చేయలేదు. ఓవెన్‌లో చక్కగా పొంగిన కేకు, బయటికి తీసిన పది నిమిషాల్లో నడుమ పడవలాగా కుంగిపోయింది, పక్కలు మాత్రం నల్లబడ్డాయి. చక్కెర ఎక్కువైతే పిండిలోని గంజి ఉడకడానికీ గుడ్డు గట్టిపడటానికీ మరింత వేడి కావాలి, పైతొక్క మాత్రం త్వరగా ఎర్రబడుతుంది. లోఫ్ టిన్నులో నడిమి భాగం ఎటూ ఆలస్యంగానే ఉడుకుతుంది కాబట్టి ఈ తప్పు గుండ్రటి పల్చని కేకులో కన్నా ఇందులో బాగా బయటపడుతుంది. లెక్క కుదిరాక కూడా ఒక లోటు మిగిలిపోతుంది: గంటసేపు కాలిన తరువాత వైట్ చాక్లెట్ వాసనను పోల్చుకోవడం కష్టం. తిన్నవారు కేకు బాగుందంటారు గాని అందులో చాక్లెట్ వేశారా అని అడుగుతారు.

పైపూతలో వేసినప్పుడు దానికి వేడి తగలదు, వాసన పోదు. అంతకన్నా ముఖ్యమైన కారణం ఒకటి ఉంది. క్రీమ్ చీజ్ అంటే వెన్నలా మెత్తగా ఉండే పుల్లటి చీజ్. దానితో చేసే మామూలు ఫ్రాస్టింగ్ నిలబడాలంటే పొడి చక్కెర బాగా పోయాలి, ఎందుకంటే క్రీమ్ చీజ్‌లో సగానికి పైగా నీరే. వైట్ చాక్లెట్ కలిపితే చల్లారినప్పుడు కోకో వెన్న గడ్డకట్టి ఆ పనిని తానే చేస్తుంది; పొడి చక్కెర నామమాత్రంగా వేస్తే చాలు. తీపి పదార్థాన్ని అదనంగా చేర్చి మొత్తం మీద తీపి తగ్గించుకోవడం వినడానికి విడ్డూరంగా ఉంటుంది గాని, నోట్లో పెట్టుకుంటే తెలుస్తుంది. 23 సెంటీమీటర్ల లోఫ్‌కు నేను వాడే కొలత ఇది: క్రీమ్ చీజ్ 150 గ్రాములు, వెన్న 50 గ్రాములు, వైట్ చాక్లెట్ 120 గ్రాములు, పొడి చక్కెర 40 గ్రాములు, చిటికెడు ఉప్పు, అరచెంచా నిమ్మరసం.

ఇందులో చేయి తిరగాల్సింది చాక్లెట్ కరిగించే దగ్గర. గిన్నెను మరుగుతున్న నీళ్ల మీద పెట్టి మరిచిపోకూడదు. నీళ్లు మరిగాక పొయ్యి ఆర్పి, ఆ ఆవిరి మీదనే కరగనివ్వాలి. 45 డిగ్రీలు దాటితే పాల ప్రోటీన్లు ఉండకట్టి, చాక్లెట్ రవ్వరవ్వగా మారిపోవడం మొదలవుతుంది. గిన్నె అంచు నుంచి జారిన ఒక్క నీటిచుక్క పడినా చక్కెర రేణువులు ఒకదానికొకటి అంటుకుని, నున్నగా ఉన్నది క్షణంలో ముద్దకడుతుంది. విచిత్రమేమిటంటే చుక్క నీరు పాడుచేసే ఈ చాక్లెట్‌ను అరకప్పు వేడి క్రీమ్ ఏమీ చేయదు. నీరు తగినంత ఉంటే చక్కెర అందులో కరిగిపోతుంది, కొద్దిగా ఉంటేనే చిక్కు. కాబట్టి ముద్దకట్టిన చాక్లెట్‌ను పారేయనక్కర్లేదు, వేడి క్రీమ్ పోసి కలిపి గనాష్‌గా మార్చుకోవచ్చు. క్రీమ్ చీజ్‌తో కలిపేటప్పుడు మాత్రం చాక్లెట్ 30 డిగ్రీల దగ్గర, వేలు పెడితే వేడిగానూ చల్లగానూ తోచని స్థితిలో ఉండాలి, క్రీమ్ చీజ్ గది వేడికి వచ్చి ఉండాలి. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన క్రీమ్ చీజ్‌లో పోస్తే కోకో వెన్న తగిలిన చోటల్లా గట్టిపడి, పూతలో ఇసుక పడ్డట్టు పలుకులు తగులుతాయి.

మిగతా పైపూతల గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. వైట్ చాక్లెట్ గనాష్ అందంగా జారుతుంది, మెరుస్తుంది. డార్క్ చాక్లెట్‌కు క్రీమ్ సమానంగా సరిపోతే దీనికి చాక్లెట్ మూడు వంతులకు క్రీమ్ ఒక వంతు మించకూడదు, లేకపోతే గట్టిపడదు. అయితే అందులో పులుపు లేదు, రెండు ముక్కలు తినేసరికి మొహం మొత్తుతుంది. వెన్న, పొడి చక్కెర గిలకొట్టి చేసే బటర్‌క్రీమ్ పూలు వేయడానికి మంచిది, లోఫ్ మీద పూలు ఎవరు వేస్తారు గనుక? పండ్ల కేకుకు ఈ రెండింటికన్నా క్రీమ్ చీజ్ పూతే నా ఓటు.

ఇక పండు. తీపిని నిలువరించగల పులుపు, పిండి మోయగలిగినంత నీరు, రెండూ చూసుకోవాలి. ఈ లెక్కన రాస్ప్‌బెర్రీకి సాటి వచ్చేది లేదు. పులుపు దండిగా ఉంటుంది, ముక్క కోస్తే ఎర్రటి మరకలు తెల్లటి పూతకు ఎదురుగా కనిపిస్తాయి. బ్లూబెర్రీ ఆకారం నిలుపుకుంటుంది గాని దాని పులుపు మెతక, నిమ్మతొక్క తురుము తోడు కావాలి. స్ట్రాబెర్రీలో 91 శాతం నీరే. పిండిలో వేస్తే ముక్క చుట్టూ తడిసిన వలయం ఏర్పడి, రంగు వెలిసి, ఉడికిన కూరముక్కలా తయారవుతుంది. దాన్ని తినాలంటే పచ్చిగా కోసి పూత మీద పెట్టుకోవాలి, అదీ వడ్డించే ముందు. ఎండు క్రాన్‌బెర్రీ, ఎండు ఆప్రికాట్ పిండిని తడపవు, కేకు వంకలేకుండా పొంగుతుంది. కాని ఎండు క్రాన్‌బెర్రీకి ముందే చక్కెర పట్టించి అమ్ముతారు కాబట్టి తీపి మీద తీపి అవుతుంది.

తాజా రాస్ప్‌బెర్రీ మేలా, ఫ్రోజెన్‌ది మేలా అన్నదానికి నా జవాబు కొందరికి నచ్చకపోవచ్చు: కేకు లోపలికి ఫ్రోజెన్‌దే మేలు. గడ్డకట్టేటప్పుడు మంచు పలుకులు పండు కణాలను చీలుస్తాయి కాబట్టి కరిగితే అది నీరుకారుతుంది, నిజమే. కాని కరగనివ్వకుండా ఫ్రీజర్‌లోంచి తీసిన మరుక్షణమే పిండిలో వేస్తే రాయిలా గట్టిగా ఉండి గరిటెకు చితకదు, చుట్టూ ఉన్న వెన్నను చల్లబరిచి పిండిని బిగిస్తుంది, అందుకే అంత తొందరగా అడుగుకు దిగదు. తాజా రాస్ప్‌బెర్రీ మూడు తిప్పుల్లో నలిగి పిండినంతా గులాబీరంగు చేస్తుంది. బదులుగా ఓవెన్‌లో మరో 5 నుంచి 10 నిమిషాలు ఉంచాలి, అంతే. పండ్లకు మైదా పట్టిస్తే మునగవని చెప్పే చిట్కా మీద నాకు పెద్ద నమ్మకం లేదు. పల్చటి పిండిలో మైదా పట్టించిన పండూ మునుగుతుంది. మొదట మూడో వంతు పిండిని పండు లేకుండా టిన్నులో పరిచి, మిగిలిన పిండిలో పండు కలిపి దాని మీద వేయడం నమ్మదగిన ఉపాయం. మరొక జాగ్రత్త: ఈ పండ్ల రంగు పుల్లటి చోట ఎర్రగా, క్షారం తగిలితే నీలిగా, పచ్చగా మారుతుంది. వంటసోడా ఎక్కువైన కేకులో బ్లూబెర్రీ చుట్టూ పాచి రంగు వలయం వచ్చేది అందుకే. బేకింగ్ పౌడరుతోనే సరిపెట్టుకుంటే ఆ బెడద ఉండదు.

పైపూతకు కూడా పండు రుచి పట్టించాలనుకుంటే గుజ్జు కలపడం కన్నా ఫ్రీజ్ డ్రై చేసిన, అంటే గడ్డకట్టించి తేమంతా తీసేసిన, రాస్ప్‌బెర్రీని పొడి చేసి 15 గ్రాములు జల్లెడపట్టి కలపడం ఎంతో మేలు. నీరు చేరదు, పూత పల్చబడదు, రంగూ పులుపూ గాఢంగా వస్తాయి. డబ్బా తెరిచాక గాలిలోని తేమను లాగి గంటలో బంకగా మారుతుంది కాబట్టి వాడే ముందే పొడి కొట్టుకోవాలి.

కేకును వెన్నతో చేయాలా, నూనెతో చేయాలా అన్న ప్రశ్న కూడా పైపూతతోనే ముడిపడి ఉంది. క్రీమ్ చీజ్ పూసిన కేకును రెండు గంటలకు మించి బయట ఉంచకూడదు, ఫ్రిజ్‌లో పెట్టాల్సిందే. ఫ్రిజ్‌లో వెన్న గడ్డకట్టి వెన్న కేకు ఇటుకలా బిగుసుకుంటుంది, నూనె కేకు మెత్తగానే ఉంటుంది. వెన్న రుచి వదులుకోలేక నేను సగం వెన్న, సగం నూనె వేస్తాను. వడ్డించడానికి అరగంట ముందు బయటికి తీస్తే రెండూ దక్కుతాయి.

కాల్చడంలో 170 డిగ్రీల దగ్గర గంట అటూ ఇటూ పడుతుంది; గాజు పాత్ర అయితే 15 డిగ్రీలు తగ్గించాలి. పుల్ల గుచ్చి చూసే పరీక్ష ఈ కేకులో మోసం చేస్తుంది, ఎందుకంటే అది కరిగిన చాక్లెట్‌కో పండుకో తగిలి తడిగా వస్తుంది, మనం ఇంకా పచ్చిగా ఉందనుకుని మరో పావుగంట కాల్చి ఎండబెడతాం. నడుమ థర్మామీటరు గుచ్చి 97 డిగ్రీలు చూపితే తీసేయడం మంచిది. ఆపైన టిన్నులో పావుగంట, జాలీ మీద కనీసం రెండు గంటలు. కోకో వెన్న సుమారు 34 డిగ్రీలకే కరుగుతుంది. అడుగున చేయి పెడితే ఏమాత్రం వెచ్చగా తగిలినా పూత పక్కలకు జారిపోతుంది.

మొత్తం మీద ఇంట్లో తినే కేకుకు నా ఎంపిక తేలికే: లోపల ఫ్రోజెన్ రాస్ప్‌బెర్రీలు 180 గ్రాములు, చాక్లెట్ అంతా పైన. కేకును ఫ్రిజ్ లేని చోటికి తీసుకెళ్లాల్సి వస్తే మాత్రం ఈ ఎంపిక తలకిందులవుతుంది. అప్పుడు చాక్లెట్‌ను కరిగించి పిండిలోనే కలిపి, పండుకు ఎండు ఆప్రికాట్ ముక్కలు వేసి, క్రీమ్ చీజ్ జోలికి పోకుండా, 40 గ్రాముల చాక్లెట్‌ను మాత్రం విడిగా కరిగించి చల్లారిన కేకు మీద చెంచాతో అడ్డంగా గీతలు గీస్తాను. ఫ్రిజ్‌లో పావుగంట ఉంచితే ఆ గీతలు గట్టిపడతాయి. ఆ తరువాత కేకును కాగితంలో చుట్టి డబ్బాలో పెట్టుకోవచ్చు.