కొబ్బరి తోటలో పదిహేనేళ్ల బోర్డో మిశ్రమం: పనికొచ్చిందీ, రానిదీ

అంబాజీపేట దగ్గర మాకు ఎకరంన్నర కొబ్బరి, దాని నీడలో కోకో. 2009 నుంచి ఏటా తొలకరికి ముందు ఒకసారి, ముసుర్లను బట్టి మరో రెండుసార్లు బోర్డో మిశ్రమం కొడుతున్నాను. మైలుతుత్తం (రాగి ఉప్పు, అంటే కాపర్ సల్ఫేటు), సున్నం నీళ్లలో కలిపి ఇంట్లోనే చేసుకునే తెగుళ్ల మందది. మా ఇంట్లో దాని పేరు నీలం నీళ్లు. "అన్నయ్యా, డబ్బా మందులు ఇన్నుండగా ఈ సున్నం, మైలుతుత్తం గొడవ నీకెందుకు?" అని మొన్న మా పెద్దమ్మ కొడుకు అడిగాడు. వాడికి చెప్పబోయిన జవాబే ఇంత పొడుగైంది.

అసలు దీని జోలికి వెళ్లింది మొవ్వుకుళ్లు వల్ల, అంటే కొబ్బరిచెట్టు తల నడుమ ఉండే లేత మొవ్వు కుళ్లిపోయే తెగులు. ఆ ఏడు దింపుకి ఎక్కినతను పైనుంచి "మొవ్వు లాగితే చేతికొచ్చేసిందండీ, ఆయ్!" అని కేకేశాడు. కింద పడేసిన మొవ్వు చూస్తే మొదట్లో అంబలిలా జావకారిపోయింది. కంపు భరించలేక ముక్కుకి తువ్వాలు కట్టుకున్నాను. ఆ చెట్టు పోయింది, పక్కది కూడా పోయింది. మూడోదానికి మొవ్వు అప్పుడే పాలిపోతోంది. కుళ్లింది కుళ్లినట్టు గట్టి భాగం తగిలేదాకా కోయించి, బోర్డో పేస్టు దట్టంగా పూయించి, వాన నీళ్లు దిగకుండా అటక మీది వెడల్పు మూతి కుండ తెచ్చి బోర్లించాం. పేస్టంటే వేరే ఏదో కాదు, అవే సరుకులు పది లీటర్ల నీళ్లలో కిలో చొప్పున. కొన్ని నెలలకి కొత్త మొవ్వు ముడతలు పడి, మూరెడు మట్టతో బయటికొచ్చింది. ఆ చెట్టు ఇవాళ్టికీ కాస్తోంది. పక్క చెట్లతో పోలిస్తే గెలకి నాలుగు కాయలు తక్కువ, అంతే.

తర్వాత తెలిసిన సంగతి ఒకటి నా పద్ధతే మార్చేసింది. కొబ్బరికి మొవ్వుకుళ్లు తెచ్చే ఫైటోఫ్తోరా పాల్మివోరా అనే బూజులాంటి సూక్ష్మజీవే కోకో కాయల్ని నల్లగా మాడ్చేది కూడా. పైనొకటి, కిందొకటి అనుకుని రెండు రోగాలకి రెండు మందులు కొన్న రోజులున్నాయి నాకు. కోకో కాయ మీద చాక్లెట్ రంగు మచ్చ మొదలై కొద్ది రోజుల్లోనే కాయంతా పాకేస్తుంది. అలాంటి కాయల్ని చెట్టుకిందే వదిలేస్తే ఎన్ని డ్రమ్ములు కొట్టినా దండగే. ముందు ఏరించి తోట బయట పూడ్పించాలి, ఆ తర్వాతే పంపు చేతబట్టాలి.

తయారీలో తప్పు చేయని ఏడు నాకు లేదనే చెప్పాలి. వంద లీటర్లకి కిలో మైలుతుత్తం, కిలో సున్నం. మైలుతుత్తాన్ని గుడ్డలో మూటగట్టి, యాభై లీటర్ల నీళ్లున్న ప్లాస్టిక్ డ్రమ్ములో పైన తేలేటట్టు వేలాడదీసి రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి కరిగి ఉంటుంది. అడుగున పోస్తే గడ్డకట్టుకుని కూర్చుంటుంది. ఇనప బకెట్టు మాత్రం వద్దు. మా తాతగారి నాటి బకెట్టులో ఒకసారి కలిపితే లోపలంతా ఎర్రగా రాగి పూతపట్టి, రెండో వాడకానికి అడుగు జల్లెడైంది. సున్నం విడిగా తడిపి, బుసబుసలు తగ్గాక మిగతా యాభై లీటర్లలో కలిపి, పాత పంచెతో వడకట్టాలి. ఇక ముఖ్యమైనది: మైలుతుత్తం నీళ్లని సున్నం నీళ్లలోకి సన్నటి ధారగా పోస్తూ కర్రతో తిప్పాలి. తిరగేసి పోశానొకసారి. పెరుగు విరిగినట్టు తునకలు కట్టి, పొద్దుగూకేదాకా నాజిల్ విప్పి ఊదడంతోనే సరిపోయింది.

కలిపాక కొడవలి మొన ఒక్క నిమిషం ముంచి చూడాలి. ఎర్రమచ్చ పడితే సున్నం చాలలేదని, ఇంకొంత పోయాలి. 2013లో ఒక కొట్టువాడు గాలికి చచ్చిపోయిన పాత సున్నం అంటగట్టాడు. నేనూ తొందరలో కొడవలి ముంచలేదు. మూడోరోజుకి కోకో లేతాకులన్నీ అంచులు మాడిపోయాయి. తప్పు వాడిదెంతో నాదీ అంతే.

ఈ మందు పుట్టుక మన మామిడితోటల కాపలా కథలానే ఉంటుంది. ఫ్రాన్సులో బోర్డో ప్రాంతపు రైతులు దారిపక్క ద్రాక్షని దొంగలు కోయకుండా నీలం రంగు చల్లేవారట. ఆ తీగలకి బూజు తెగులు రాకపోవడం మిల్లార్డే అనే ఆచార్యుడి కంటపడింది. 1885లో ఆయన దీన్ని లోకానికి చెప్పాడు.

2019లో సిమ్లా యాత్రకెళ్లినప్పుడు ఒక ఆపిల్ తోటలో అదే నీలం మరకల డ్రమ్ము కనపడితే చుట్టాన్ని చూసినట్టనిపించింది. నా అరకొర హిందీలో అడిగితే, తాము మొగ్గ విచ్చకముందే కొడతామని, కాయ దిగాక రాగి తగిలితే తొక్క గరుకెక్కి ధర పడిపోతుందని చెప్పాడా రైతు. కొమ్మలు కత్తిరించిన చోట మాత్రం చౌబట్టియా పేస్టని రాగి కార్బొనేటు, ఎర్రసీసం, అవిసె నూనె కలిపింది పూస్తారట, ఆపిల్‌కీ, బేరికీ కూడా. మన కొబ్బరికాయ డొక్క మీద మచ్చ పడితే అడిగేవాడెవడు!

పనికిరాని చోటూ చెప్పాలి. గానోడెర్మా తెగులు (వేర్లనీ, కాండం మొదలునీ కుళ్లబెట్టేది) పట్టిన రెండు చెట్లకి మొదలు చుట్టూ నలభై లీటర్ల చొప్పున పోశాను. రెండూ పోయాయి. దానికి ముందునుంచే వేపపిండితో ట్రైకోడెర్మా (తెగులు బూజుల్ని అణిచే మేలు బూజు) కలిపి వేస్తుండటం, రోగం చెట్టు చుట్టూ కందకం తవ్వి వేరు చేయడం మేలు. కాండం నుంచి ఎర్రటి జిగురు కారే చెట్లకి కూడా ఇప్పుడు పేస్టు మానేసి, చెక్కిన చోట ట్రైకోడెర్మా ముద్దే పూస్తున్నాను.

డబ్బాలో రెడీగా దొరికే రాగి మందు కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకి మూడు గ్రాములు కలిపితే పని ఐదు నిమిషాల్లో తేలిపోతుంది, ఒప్పుకుంటాను. మనుషులు దొరకని ఏడు నేనూ అదే కొట్టాను. కానీ మా ముసుర్లకి అది త్వరగా కడుక్కుపోతుంది. బోర్డో ఆకుకి పట్టిందంటే వానకి ఓ పట్టాన వదలదు. ఏదైనా తెగులు రాకముందు కాసే కాపలాయే గానీ వచ్చాక తిప్పేది కాదు. ఏ పురుగుమందునీ ఇందులో కలపకండి. కలిపింది ఆ రోజే కొట్టేయాలి, రేపటికి పనికిరాదు. రాగి మట్టిలో పేరుకునేదే కాబట్టి ఏడాదికి మూడుసార్లు దాటను.

పొడుగు చెట్ల మొవ్వుల్లోకి కొట్టించడం వేరే తలనొప్పి. అందుకే దింపు రోజే పెట్టుకుంటాను. ఎలాగూ ఎక్కుతాడు కాబట్టి, చెట్టుకి కూలి కొంత పెంచి ఇస్తే చేతిపంపు కూడా పట్టుకెళ్తాడు.

ఐదుకి నాలుగు ఇస్తాను. తగ్గించిన ఒకటీ చాకిరీకి. ఆ వడకట్టే పంచెని మా ఆవిడ ఇంట్లోకి రానివ్వదు. అరుగు పక్క మేకుకి తగిలించి, పదిహేనేళ్లుగా అక్కడే నీలంగా వేలాడుతోంది.