మరియా మార్టెన్, ది బెల్స్: పాత థియేటర్‌కు ఏది?

ఇంగ్లండ్‌లోని బరీ సెయింట్ ఎడ్మండ్స్‌లో 1819 నాటి థియేటర్ రాయల్ ఇప్పటికీ నడుస్తోంది. అలాంటి చిన్న రంగస్థలంపై విక్టోరియా కాలపు మెలోడ్రామా, అంటే ఉద్వేగాలు దట్టించిన నాటకం, వేయాలంటే ‘మరియా మార్టెన్’, ‘ది బెల్స్’ ముందుగా తడతాయి. మొదటిది నిజంగా హత్యకు గురైన యువతి కథ. రెండోది ఎప్పుడో చేసిన హత్యను దాచుకున్న మథియాస్ అనే వ్యక్తి కథ.

ఖర్చు: కాపీరైట్ బెడద దేనికీ లేదు. ‘మరియా’కు రంగులు వేసిన తెరలు చాలు. ‘బెల్స్’లో పాత హత్య కళ్లముందు మెదలాలి, దీపాలకే డబ్బు కరిగిపోతుంది.

శ్రమ: ‘మరియా’కు ఒకే ప్రామాణిక ప్రతి లేదు, కత్తిరించి కూర్చుకోవాలి. ‘బెల్స్’ బరువంతా మథియాస్ పాత్రదే. 1871లో లండన్‌లోని లైసియం థియేటర్‌లో ఆ పాత్ర వేసిన నటుడు హెన్రీ ఇర్వింగ్ బూట్ల బకిల్స్ పెట్టుకుంటూ ఆ పాత హత్య మాట వినగానే చేతులు ఆపేసేవాడు. ఆ నిశ్చలత పట్టుబడటానికే నెలలు సాధన చేయాలి.

ప్రమాదం: నటుడు తేలిపోతే ‘బెల్స్’ మునిగినట్టే. ‘మరియా’లో ముప్పు వేరు. దుష్టుడు రాగానే ప్రేక్షకులు అరుస్తారు, ఈలలు వేస్తారు. కానీ 1827లో దగ్గర్లోని పోల్‌స్టెడ్‌లో హత్యకు గురైన మరియా నిజమైన యువతి. హంతకుడు కార్డర్‌ను 1828లో బరీ సెయింట్ ఎడ్మండ్స్‌లోనే ఉరితీశారు. ఆమెను నవ్వులపాలు చేయకూడదు.

ఔత్సాహిక బృందం, ఊరి ప్రేక్షకులు, పెద్ద తారాగణం ఉంటే ‘మరియా’ వేయండి. అసాధారణ నటుడు ఒక్కడు దొరికితే మాత్రం సందేహించకుండా ‘బెల్స్’ ఎంచుకోండి.