ఒంగోలు గిత్త పళ్లు, ఊరకుక్క పళ్లు

మా ప్రకాశం జిల్లాలో బండలాగుడు పోటీలకు రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని విభాగాలు పెడతారు కదా, ఆ లెక్కంతా కింది దవడలో పాలపళ్లు ఊడి కొత్తగా వచ్చిన ముందు పళ్లదే, ఎందుకంటే గిత్తకు పైన ముందు పళ్లే ఉండవు. పెదవి ఎత్తి చూడండి, గట్టి చిగురు ఒక్కటే కనిపిస్తుంది. నాలుకతో గడ్డిని చుట్టి, కింది ఎనిమిది పళ్లను ఆ చిగురుకు అదిమి తెంపుతుంది. అసలు పని వెనక 24 దవడ పళ్లది. వాటి మీద గరుకు గట్లుంటాయి, నెమరేసేటప్పుడు దవడ పక్కకు తిరుగుతుంటే తిరగలి తిప్పినట్టే ఉంటుంది, నాకైతే ఎంతసేపు చూసినా విసుగు రాదు.

కుక్కకు 42 పళ్లు. నాలుగు కోరలు పట్టుకోవడానికి. ఎముక దొరికితే తల వంచి నోటి పక్కకు నెట్టుకుంటుంది, గమనించారా? అక్కడి పళ్లు కత్తెరలా ఒకదాని పక్క నుంచి ఒకటి జారి మాంసాన్ని కోస్తాయి. దాని దవడ దాదాపు పైకీ కిందికే ఆడుతుంది కాబట్టి గడ్డి నూరడం కుదరదు, ముక్కలు చేసి మింగేస్తుంది.

పనితనంలో నా ఓటు గిత్త పళ్లకే. ఎండు చొప్పను పిండి చేయడం చిన్న పనేం కాదు.