ట్యూబ్ ఆంపా, ట్రాన్సిస్టర్ ఆంపా: ఒకే జత స్పీకర్లతో ఏళ్ల తరబడి విన్నాక

బెంగళూరులో మా అపార్ట్‌మెంట్ హాల్లో రెండు ఆంప్‌లు (స్పీకర్లని మోగించే యాంప్లిఫైయర్లు) పక్కపక్కనే ఉంటాయి. ఒకటి నాలుగు ఈఎల్34 ట్యూబులున్న (పాత రేడియోల్లోని గాజు వాల్వుల్లాంటివే) పుష్-పుల్ స్టీరియో, అంటే ఛానెల్‌కి రెండేసి ట్యూబులు వంతులవారీగా మోస్తాయి. ఛానెల్‌కి 40 వాట్లు ఇస్తుంది. రెండోది మామూలు క్లాస్ ఏబీ ట్రాన్సిస్టర్ ఆంప్, ఛానెల్‌కి 80 వాట్లు. ఇన్నేళ్లలో స్పీకర్లు మాత్రం మార్చలేదు: 87 డెసిబెళ్ల సెన్సిటివిటీ (ఒక వాటుకి ఎంత గట్టిగా మోగుతాయో చెప్పే అంకె), ఇంపెడెన్స్ (కరెంటుకి అడ్డం) పేరుకు 8 ఓమ్‌లు. "అన్నా, ట్యూబ్ కొనమంటారా?" అని ఎవరైనా అడిగితే ముందు నేనడిగేది ఒకటే, నీ స్పీకర్లేంటి అని.

ట్యూబ్ పనిచేసేది వేల ఓమ్‌ల దగ్గర. దాన్ని స్పీకర్‌కి కలపాలంటే మధ్యలో అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలి. అదున్నా ఆంప్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ ఒక ఓమ్‌కి అటూ ఇటూగా మిగిలిపోతుంది. ట్రాన్సిస్టర్ ఆంప్‌లో అది లెక్కలోకి రానంత తక్కువ. స్పీకర్ ఏమో అన్ని స్వరాల దగ్గరా 8 ఓమ్‌ల మీదే నిలబడదు. బేస్‌లో ఒకచోట, క్రాసోవర్ (బేస్, ట్రెబుల్ డ్రైవర్లకి స్వరాలు పంచే సర్క్యూట్) దగ్గర ఇంకోచోట బాగా పైకి లేస్తుంది. అలా లేచిన చోట ట్యూబ్ ఆంప్ శబ్దమూ కాస్త లేస్తుంది. 'గొంతు ముందుకొచ్చింది, నిండుగా ఉంది' అని మనం మురిసిపోవడంలో పెద్ద వాటా దీనిదేనని నా నమ్మకం. రెండో హార్మోనిక్ (అసలు స్వరానికి రెట్టింపు పౌనఃపున్యంలో ఆంప్ కలిపేది) మహిమ అంటారు గానీ అది ఎక్కువగా సింగిల్-ఎండెడ్ (వంతులు లేకుండా ఒకే వైపు నుంచి మోసే) ఆంప్‌ల సంగతి. పుష్-పుల్ అవుట్‌పుట్‌లో సరి హార్మోనిక్‌లు చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.

ఆ ప్రభావం తగ్గాలని నా 8 ఓమ్‌ల స్పీకర్లని ట్రాన్స్‌ఫార్మర్ 4 ఓమ్‌ల ట్యాప్‌కే (ఆంప్ వెనకుండే స్పీకర్ కనెక్షన్లలో ఒకటి) కలిపాను. పవర్ కొంత తగ్గింది, అవుట్‌పుట్ ఇంపెడెన్స్ సగమైంది. మృదంగం తొప్పి వైపు దెబ్బ అంతకుముందు బొయ్యిమని సాగేది, ఇప్పుడు ఎక్కడికక్కడ ఆగుతుంది. కానీ ఖర్చు లేని ఈ మార్పుని చెబితే ఎవరూ నమ్మరు, వేలు పోసి కేబుళ్లు మాత్రం కొంటారు.

మిత్రులు వచ్చినప్పుడు ఏది ట్యూబో విని చెప్పే పోటీ పెడుతుంటాం. టెస్ట్ టోన్ పెట్టి, స్పీకర్ టెర్మినళ్ల దగ్గర మల్టీమీటర్‌తో రెండు ఆంప్‌ల వోల్టేజీ సమానం చేశాకే వినిపిస్తాను. అది చేయకపోతే ఏది కాస్త గట్టిగా మోగితే దాన్నే "ట్యూబ్" అంటారు. సమానం చేశాక తేడా మిగులుతుంది గానీ, కథల్లో చెప్పుకునేంత కాదు. ఘంటసాల, పి. లీల పాడిన యాభైల నాటి పాటల్లో అయితే నాకు దాదాపు తెలియదు. అప్పటి మద్రాసు స్టూడియోల్లో మైకు నుంచి రికార్డర్ దాకా నడిచింది వాల్వుల మీదే, ఆ రంగు పాటలోనే ఉంది. ద్వారం వారి వయొలిన్‌కి మాత్రం ట్యూబే పెడతాను. కమాను ఒరిపిడి చెవికి గుచ్చుకోదు.

నాదస్వరం, డోలు దగ్గర కథ తిరగబడుతుంది. మామూలుగా వినడానికి ఒకటి రెండు వాట్లు చాలు, కానీ డోలు దెబ్బ సగటు మీద 15 డెసిబెళ్లు పైకి పోయిందంటే ముప్పై రెట్లకి పైగా పవర్ కావాలి. ఆ చోట ట్యూబ్ ఆంప్ చిట్లదు, దెబ్బ అంచుని గుండ్రంగా చేసి ఊరుకుంటుంది. చెవికి హాయే, డోలు మాత్రం అది కాదు. 80 వాట్ల ట్రాన్సిస్టర్‌కి ఆ ఇబ్బంది లేదు. ఎనిమిది వాట్ల 300బీ ట్యూబ్ ఆంప్ మీద మోజుపడేవాళ్లు ముందు 95 డెసిబెళ్ల స్పీకర్లు వెతుక్కోవాలి.

ఇక కాపురం. పాట మోగినా మోగకపోయినా ట్యూబ్ ఆంప్ 150 వాట్లు తింటుంది. అందులో నాలుగు ఈఎల్34ల హీటర్లకే 38 పోతాయి. రోజూ మూడు గంటలు వింటే నెలకి పదమూడు పద్నాలుగు యూనిట్లు. డిసెంబరులో గది వెచ్చగా ఉండి బాగుంటుంది. ఏప్రిల్‌లో ఫ్యాన్ వేయాలి, ఫ్యాన్ వేస్తే తంబురా వినపడదు. కరెంటు పోయి జనరేటర్ మీదికి మారే కాలనీల్లో ఉండేవాళ్లు దీన్నీ లెక్కలోకి తీసుకోండి. ట్రాన్సిస్టర్ ఆంప్ వెంటనే అందుకుంటుంది. ట్యూబులకి విశ్రాంతినిచ్చి మళ్లీ ఆన్ చేయడం నా అలవాటు, ఈలోగా పల్లవి అయిపోతుంది.

బయాస్ (పాట లేనప్పుడూ ట్యూబులో పారే కరెంటు సర్దుబాటు) అప్పుడప్పుడూ చూసుకోవాల్సిందే. ఈఎల్34 ప్లేటు పరిమితి 25 వాట్లు. నా ఆంప్‌లో 430 వోల్టుల దగ్గర 40 మిల్లీఆంపియర్లు పెడతాను, అంటే 17 వాట్లు. ఒకసారి ఒక ట్యూబ్ ప్లేటు ఎర్రగా కాలింది. వెంటనే ఆపబట్టి ట్రాన్స్‌ఫార్మర్ దక్కింది. ఆపాక కూడా కెపాసిటర్లలో ఆ 430 వోల్టులు కొంతసేపు నిలిచే ఉంటాయి. ఇంట్లో పిల్లలుంటే పైన జాలీ తీయొద్దు. స్పీకర్ కలపకుండా ట్యూబ్ ఆంప్‌లో పాట పెట్టొద్దు, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు.

ట్యూబులు దొరకడం ఊరిని బట్టి. 1954లో ఇక్కడి జాలహళ్లిలో మొదలైన భారత్ ఎలక్ట్రానిక్స్ (బీఈఎల్) ఒకప్పుడు రేడియోలకి వాల్వులు చేసేది. ఇక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్డులో పాత స్టాక్ ఈసీసీ83 చిన్న ట్యూబుల జత నాకు దొరికింది, ఇన్‌పుట్‌లో నిశ్శబ్దంగా పనిచేస్తోంది. పవర్ ట్యూబులు మాత్రం స్లొవేకియా, రష్యా, చైనా నుంచే రావాలి. 2022 మార్చిలో రష్యా తన ఎగుమతులకి అడ్డుకట్ట వేసినప్పుడు కొరతా, ధరలూ కలిసి వచ్చాయి. అప్పటి నుంచి ఒక మ్యాచ్డ్ క్వాడ్ (ఒకేలా పనిచేసే నాలుగు ట్యూబుల సెట్) అల్మరాలో పెట్టుకుంటున్నాను.

ఈఎల్34ల బదులు కేటీ88 ట్యూబులు వేయమని సలహా ఇస్తుంటారు. వాటి హీటర్ ఒక్కోటి 1.6 ఆంపియర్లు లాగుతుంది, ఈఎల్34 అయితే 1.5. బయాస్ కూడా వేరు. నా పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌కి ఆ ఓపిక ఉందని మెకానిక్ చూసి చెప్పేదాకా ఈఎల్34లే.