మనసు వినిపించినా తొందరపడని ప్రేమ: ‘చెర్రీ మ్యాజిక్’ మాంగా ఎలా ఉంది?

ఆఫీసులో ఇద్దరు మగవాళ్ళ మధ్య మెల్లగా ముదిరే ప్రేమ అనగానే బీఎల్ మాంగా (‘బాయ్స్ లవ్’, అంటే మగవాళ్ళ మధ్య ప్రేమను చెప్పే జపాన్ బొమ్మల కథలు) చదివేవాళ్ళకి ఒక లెక్క ఉంటుంది. అవతలివాడి మనసులో ఏముందో ఇవతలివాడికి తెలియకూడదు. చెప్పబోయి మింగేయాలి, ఫోన్ మోగాలి, సరిగ్గా అప్పుడే మీటింగ్ రూమ్ తలుపు తోసుకుని ఎవరో రావాలి. అలా పది అధ్యాయాలు గడవాలి. రచయిత్రి టోయోటా యూ గీసిన ‘చెర్రీ మ్యాజిక్’లో ఆ గుట్టు మొదట్లోనే రట్టయిపోతుంది. హీరోకి అవతలివాడి మనసు పొల్లుపోకుండా వినిపిస్తుంది. అయినా కథ నిదానంగానే నడుస్తుంది. అంతేకాదు, ఈ కోవలో వచ్చిన చాలా పుస్తకాలకంటే నమ్మబుద్ధేసేలా నడుస్తుంది.

ముప్పయ్యేళ్ళు నిండేదాకా ఎవరితోనూ పడుకోనివాడు మంత్రగాడైపోతాడని జపాన్ ఇంటర్నెట్‌లో ఒక పాత జోకు. ఆదాచి కియోషి విషయంలో అది నిజమై కూర్చుంటుంది. ముప్పయ్యో పుట్టినరోజు నుంచి ఎవరి ఒళ్ళు తగిలినా వాళ్ళ మనసులో మాట చెవిన పడుతుంది. ఒక రోజు ఆఫీసు లిఫ్ట్ జనంతో కిక్కిరిసి ఉంటుంది. ఎవరో ఆనుకుంటారు. తన గురించే మురిసిపోతున్న గొంతొకటి వినిపిస్తుంది. ఎవరా అని చూస్తే కురోసావా యూయిచి. తనతోపాటే ఉద్యోగంలో చేరినవాడు, సేల్స్‌లో నంబర్ వన్, ఆఫీసంతా ముచ్చటపడే అందగాడు. ఆదాచి ఏమో పక్కన ఎవరున్నారో గమనించడానికి కూడా మొహమాటపడే రకం.

ఇక్కడితో కథ అయిపోవాలి కదా? ప్రేమిస్తున్నాడని తెలిసిపోయింది, తేల్చుకోవడమే తరువాయి. టోయోటా పనితనమంతా ఇక్కడే ఉంది. ఆలస్యానికి కారణాన్ని ‘వాడికి నేనంటే ఇష్టమా’ నుంచి లేపి, ‘వాడు ఇష్టపడేంత ఏముంది నాలో’ దగ్గర నాటింది. మనసు చదవగలిగే మంత్రం మొదటి ప్రశ్నకు జవాబిస్తుంది, రెండోదాని ముందు చేతులెత్తేస్తుంది. ఎంత విన్నా ఆదాచికి నమ్మకం కుదరదు. కురోసావా పొరబడ్డాడు, తనను సరిగ్గా చూడలేదు, చూసిన రోజున మానుకుంటాడు అనే అనుకుంటాడు. పైగా అడగకుండా ఒకరి లోపలి మాట వినడం దొంగతనంలాంటిదే కదా అన్న పీకులాట ఒకటి. కురోసావాకు ఏది ఇష్టమో విని తెలుసుకుని దాన్నే చేసినప్పుడు, అది తన ప్రేమేనా, లేక కాపీ కొట్టిన జవాబా? ఈ ప్రశ్న కథలో చాలా దూరం వెంటాడుతుంది. మంత్రానికి ఉన్న నియమం దీన్ని ఇంకా బిగిస్తుంది: ఎవరితోనైనా పడుకున్న రోజున ఆ శక్తి పోతుంది. అంటే ప్రేమలో ముందడుగు వేయడమంటే ఇన్నాళ్ళూ పట్టుకుని నడిచిన చేతికర్రను వదిలేయడమే. ఇదంతా ముందే బిగించి పెట్టుకున్న చట్రం, మధ్యలో అతికించిన అడ్డంకులు కావు.

చివరి రైలు ఘట్టం చూడండి. ఆదాచి మీద పని పడుతుంది, ఓవర్‌టైమ్ అవుతుంది, కురోసావా ఉండిపోయి సాయం చేస్తాడు, రైలు తప్పిపోతుంది, కురోసావా తన ఇంటికి రమ్మంటాడు. జపాన్ ఆఫీసు ప్రేమకథల్లో ఇది అరిగిపోయిన సన్నివేశం. టోక్యోలో అర్ధరాత్రి దాటాక రైళ్ళు ఆగిపోతాయి, మళ్ళీ తెల్లవారుజామునే. టాక్సీ ఖరీదు భరించలేరు కాబట్టి ఇద్దర్ని ఒక గదిలోకి తోయడానికి రచయితలకు ఇంతకంటే సులువైన సాకు దొరకదు. మామూలుగానైతే ఆ రాత్రి ఏదో జరుగుతుంది, లేదా జరగబోయి ఆగిపోతుంది. ఇక్కడ జరిగేది వేరు. ఆదాచికి ఇవన్నీ ముందే తెలుసు, అందుకే భయం. చేయి తగిలినప్పుడల్లా కురోసావా లోపల ఎంత గందరగోళంగా ఉందో వినిపిస్తుంది. అదే సమయంలో పైకి ఆ మనిషి ఒక్క గీత కూడా దాటడు. లోపలి అలజడికీ, బయటి మర్యాదకీ మధ్య దూరం ఎంతో ఆదాచి కొలవగలడు. ప్రేమించాడని కాదు, ఇంత ప్రేమిస్తూ కూడా తనను ఇబ్బంది పెట్టలేదని తెలిసినప్పుడు ఆదాచి కదులుతాడు. మనసు చదివే శక్తి లేని మామూలు కథలో పాఠకుడికి తప్ప హీరోకి ఈ సంగతి తెలిసే దారే ఉండదు.

కురోసావా వైపు కథ చెప్పినప్పుడు పుస్తకం ఒక మెట్టు ఎక్కుతుంది. చిన్నప్పటినుంచీ అతని మొహాన్ని చూసి మెచ్చుకున్నవాళ్ళే తప్ప లోపల ఎవరున్నారని చూసినవాళ్ళు లేరు. తాగి, తూలి, పరువు పోయిందనుకున్న ఒక రాత్రి ఆదాచి పక్కన ఉండి చూసుకుంటాడు. అందగాడు కాబట్టి కాదు, ఒంట్లో బాగోలేదు కాబట్టి. ఏళ్ళ తరబడి మూగగా సాగిన ప్రేమకు మూలం ఇదే. నెమ్మదిగా సాగే ప్రేమకథల్లో ఎక్కువగా దెబ్బతినేది ఈ మూలం దగ్గరే. పదేళ్ళు ఎదురుచూశాడంటారు, దేనికోసం అంటే కళ్ళు బాగుంటాయంటారు. ఇక్కడ కారణం చిన్నదే, కానీ అతని గాయానికి సరిగ్గా సరిపోయేది.

తిట్టాల్సినవీ ఉన్నాయి. కురోసావా మరీ కడిగిన ముత్యం. వంట వచ్చు, పని వచ్చు, కోపం రాదు. అసూయ కలిగినా అది ముద్దుగానే ఉంటుంది. చాలా అధ్యాయాలపాటు అతని లోపలి ఊహలు నవ్వించడానికే పనికొస్తాయి, కథను తిప్పడానికి కాదు. రెండో జంట విషయం కూడా చెప్పాలి. ఆదాచి స్నేహితుడు త్సుగె మసాతో రచయిత, ముప్పై దాటి అతనూ మంత్రగాడవుతాడు, పార్సిళ్ళు తెచ్చే కుర్రాడు వాతాయా మినాతో మీద మనసు పడతాడు. మొదట్లో సరదాగానే ఉంటుంది. అదే మంత్రం ఇంకొక స్వభావం చేతిలో పడితే ఏమవుతుందో చూపిస్తుంది. కానీ అసలు జంట ఒక నిర్ణయం అంచున నిలబడి ఉండగా కెమెరా వీళ్ళ మీదకు మళ్ళినప్పుడు చిరాకేస్తుంది. అప్పుడు ఉత్కంఠ పెరగదు, కేవలం పేజీలు పెరుగుతాయి.

ఆఫీసు కూడా కాస్త పంచదార పూసిన ఆఫీసే. ఎవరికైనా తెలిస్తే ఉద్యోగం ఏమవుతుందన్న భయం వీళ్ళను అంతగా తాకదు. సహోద్యోగి ఫుజిసాకి మగవాళ్ళ ప్రేమకథలంటే పడిచచ్చే మనిషి, ఈ ఇద్దర్నీ దూరం నుంచి చూసి మురిసిపోతుంటుంది. అంటే పాఠకులనే తెచ్చి పక్క టేబుల్ దగ్గర కూర్చోబెట్టారన్నమాట. నవ్వొస్తుంది గానీ కథ గోడలు పల్చబడతాయి. 2020లో టీవీ టోక్యోలో వచ్చిన డ్రామా ఈ పాత్రను మార్చి, ప్రేమ పెళ్ళి మీద పెద్దగా ఆసక్తి లేని మహిళగా చూపించింది. ఆ మార్పు మూలం కంటే మెరుగు.

ఇద్దరూ ఒకే హోదాలో ఉండటం మాత్రం గట్టి ఎంపిక. కలిసి చేరినవాళ్ళు కాబట్టి ఎవరి ప్రమోషన్ ఎవరి చేతిలోనూ లేదు, కాబట్టి ‘అవును’ అన్న మాటకు అనుమానం అంటదు. పైఅధికారి, కిందిఉద్యోగి మధ్య నడిచే కథలు కావాలంటే సగాన్ సగాన్ గీసిన ‘ఓల్డ్ ఫ్యాషన్ కప్‌కేక్’ ఉంది: ముప్పై తొమ్మిదేళ్ళ బాస్, పదేళ్ళు చిన్నవాడైన ఉద్యోగి, ఇద్దరూ కలిసి మిఠాయి దుకాణాల చుట్టూ తిరగడం. దాని అసలు కథ ఒక్క సంపుటంలో ముగుస్తుంది, గీత ఇంకా నిండుగా ఉంటుంది, మధ్యవయసు నిస్పృహను సూటిగా పట్టుకుంటుంది. ‘చెర్రీ మ్యాజిక్’ పొడవు చూసి బెదిరేవాళ్ళు దాంతో మొదలుపెట్టడం నయం.

పొడవు సంగతికొస్తే, ఇద్దరూ ఒకటైన తర్వాత కూడా ఈ సిరీస్ ఆగదు. ఇక్కడే పాఠకులు రెండుగా చీలిపోతారు. ఊపిరి బిగబట్టే భాగం అయిపోయింది, ఇంకేం చదవాలి అనేవాళ్ళు ఒకవైపు. నన్నడిగితే తర్వాతి భాగంలోనే కథకు బరువొచ్చింది. ఆదాచికి నాగసాకి బదిలీ అవకాశం వస్తుంది. జపాన్ కంపెనీల్లో బదిలీ అంటే ఇల్లూ మనిషీ విడిపోవాల్సిందే. పెళ్ళయినవాళ్ళకు కనీసం ఫలానావారి భార్య, భర్త అని చెప్పుకునే వీలుంటుంది. వీళ్ళకు అదీ లేదు. ఆ తర్వాత తల్లిదండ్రులకు చెప్పడం, కలిసి బతకడం. జపాన్‌లో స్వలింగ వివాహానికి చట్టబద్ధత లేదు. ఉన్నదల్లా స్థానిక ప్రభుత్వాలిచ్చే భాగస్వామ్య ధ్రువపత్రాలు: షిబుయా, సెతగాయాలలో 2015లో మొదలయ్యాయి, టోక్యో మహానగర ప్రభుత్వం 2022 నవంబరులో మొదలుపెట్టింది. పుస్తకం ఈ విషయాల మీద ఉపన్యాసం ఇవ్వదు. కానీ ఇద్దరు ఉద్యోగస్తులు ఒక జీవితాన్ని కాగితం సాయం లేకుండా ఎలా నిలబెట్టుకుంటారన్న చింత ఆ తీపి కింద నడుస్తూనే ఉంటుంది. వేగం మాత్రం పెరగదు, ముందే చెబుతున్నాను.

ఇక కొని చదవడం గురించి. ఇది 2018లో ట్విటర్‌లో, బొమ్మలు పంచుకునే జపాన్ సైట్ పిక్సివ్‌లో మొదలై, ప్రచురణ సంస్థ స్క్వేర్ ఎనిక్స్ వారి వెబ్ మాంగా వేదిక గాన్‌గాన్ పిక్సివ్‌కు చేరిన కథ. ఆ పుట్టుక పేజీల్లో కనిపిస్తుంది. తొలి అధ్యాయాలు పొట్టివి, ఒక్కో దానికి ఒక నవ్వు, ఒక కుదుపు. ఏకబిగిన చదివితే అదే ఆట పదేపదే ఆడినట్టుంటుంది: తగిలాడు, విన్నాడు, ఎర్రబడ్డాడు. రోజుకు రెండు మూడు అధ్యాయాలు చదివితే ఆ పునరావృతం బాధించదు. ఇంగ్లిష్ సంపుటాలు స్క్వేర్ ఎనిక్స్ మాంగా అండ్ బుక్స్ 2020 నుంచి వేస్తోంది. జపనీస్ లాగే కుడి నుంచి ఎడమకు చదవాలి.

ఫోన్‌లో చదివేవాళ్ళు ఒక్కో గడిని పెద్దది చేసి చూపించే మోడ్‌ను ఆపేయండి. ఈ పుస్తకంలో చేయి తగిలే గడి, మనసు మాట వచ్చే గడి, పైకి ఏమీ ఎరగనట్టున్న కురోసావా మొహం, ఈ మూడూ ఒకే చూపులో పడాలి. విడదీస్తే హాస్యం పోతుంది, ఏ మాట పైకన్నదో ఏది లోపలిదో కూడా తికమక అవుతుంది. మాటల బుడగల బయట చిన్న చేతిరాతతో ఉండే గొణుగుళ్ళు కూడా చిన్న తెర మీద కనపడవు. సగం నవ్వు వాటిలోనే ఉంటుంది. టాబ్లెట్‌ను అడ్డంగా పట్టుకుని రెండు పేజీలూ కలిపి చూడటం ఉత్తమం, లేదా అచ్చు పుస్తకం. దొంగ స్కాన్‌లలో ఈ చిన్న రాతల్ని వదిలేయడం మామూలే కాబట్టి వాటితో ఈ పుస్తకం మీద అభిప్రాయం ఏర్పరచుకోవద్దు. ఇంటిపేరుతో పిలుచుకోవడం నుంచి అసలు పేరుకు మారే చోటును కూడా గమనించండి. చాలామంది దాన్ని చూడకుండా దాటేస్తారు, అక్కడ జరిగింది ముద్దుకంటే పెద్ద సంగతి.

తెర మీద చూసి రావాలనుకుంటే అకాసో ఎయిజి, మచిదా కెయితా నటించిన పన్నెండు ఎపిసోడ్ల డ్రామాతో మొదలుపెట్టండి. అది మాంగా కంటే ఇంకా నిదానం: చివరి ఎపిసోడ్‌లో కూడా ముద్దు చూపకుండానే లిఫ్ట్ తలుపులు మూసుకుంటాయి. దానికి అభిమానుల్లో అప్పట్లో పెద్ద గోలే జరిగింది. ఆఫీసు పార్టీలో ముద్దు పెట్టుకోవాలని ఆట ఆదేశించినప్పుడు, బెదిరిపోయిన ఆదాచిని చూసి కురోసావా నుదుటితో సరిపెట్టే సన్నివేశం మచిదా కళ్ళతో చేసిన పని. నాగసాకి భాగం 2022 సినిమాలో ఉంది. 2024 జనవరిలో మొదలైన శాటిలైట్ స్టూడియో యానిమే (జపాన్ యానిమేషన్ సీరియల్) మాంగాకు విధేయంగా ఉంటుంది, బొమ్మలో ప్రాణం తక్కువ. థాయ్ రూపాంతరం ఉంది, తీరికుంటే చూడండి.

పచ్చి శృంగారం కోసం వచ్చేవాళ్ళకు ఇది నిరాశే. మామూలు పాఠకులకోసం నడిచే వేదిక మీద వచ్చింది కాబట్టి పడకగది దృశ్యాలు తక్కువ, ఉన్నవీ సౌమ్యంగా ఉంటాయి. ఏడిపించే కథ కావాలన్నా వేరే చోట వెతుక్కోవాలి. మొదటి సంపుటం ఒక్కటే చూసి తీర్పు చెప్పకండి, అందులో మంత్రం హడావుడే ఎక్కువ. రెండు సంపుటాలు కలిపి తీసుకోండి. ఆ రెండూ అయ్యాక కూడా ఆదాచి నసుగుడు విసిగిస్తుంటే అక్కడే ఆపేయండి. తర్వాత తర్వాత అతను మారతాడు గానీ, పుస్తకం నడక మారదు.